బాలీకి ముగ్గురమే వెళ్తున్నాం

మా స్కూల్లో మేడమీద బాత్రూంలో దెయ్యం ఉందని ఆరో తరగతి ఆడపిల్లలు ఓసారి అటు వెళ్ళడం మానేశారు. నేనే వాళ్ళని వెంటబెట్టుకెళ్ళి, తలుపులన్నీ తీసి చూపించి, "దెయ్యం లేదు, కంపే ఉంది, ఫినాయిలు పోయిస్తాను, పదండి" అని కిందికి తోలుకొచ్చాను. దెయ్యాలు, దిష్టి, గాలి సోకడం, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా నా ముందు ఆ మాటెత్తితే మొహం మీదే నవ్వేసేదాన్ని. అది కొందరికి కోపం తెప్పించింది కూడా.

అలాంటిదాన్ని ఇది ఎందుకు రాస్తున్నానంటే, మనసులో పెట్టుకుని తిరగడం చేతకావడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. పట్టపగలు, ఆదివారం, పొయ్యి మీద కూర ఉడుకుతుండగా జరిగింది.

మేం కూర్మన్నపాలెంలో ఉంటాం. మా ఆయన సత్తిబాబు స్టీల్ ప్లాంట్లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేస్తాడు. నేను ఇక్కడే ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. మా అమ్మాయి హర్షిత ఇంజనీరింగ్‌లో చేరింది. మా అత్త మాతోనే ఉంటుంది. చీపురుపల్లి వైపు పల్లెటూరి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

మాకు ఇంకొకడుండేవాడు. హర్షిత తర్వాత పుట్టిన బాబు. మూడో తరగతి చదువుతుండగా జ్వరం వచ్చి పోయాడు. ఆరేళ్ళయింది.

వాడు పోయాక మా ఆయన ఏడవలేదు. అరవలేదు. గోడమీది ఫొటో తీసి బీరువాలో బట్టల కింద పెట్టేశాడు. ఆ రోజు నుంచి వాడి పేరు నోట పలకలేదు. ఎవరైనా పలికితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. మేమూ మానేశాం. ఇంట్లో నలుగురం ఉండి, పప్పులో ఉప్పు చాల్లేదు, గ్యాస్ బండ అయిపోయింది, కరెంటు పోయింది, ఇవే మాటలు. మా అమ్మాయి ఆ నిశ్శబ్దంలోనే పెద్దదైపోయింది. ఇదిగో, నేను కూడా ఇప్పటిదాకా వాడి పేరు రాయలేదు. అంత అలవాటైపోయింది.

ఒకరోజు హర్షిత ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. బాలీ అంట. ఇండోనేషియాలో దీవి. సముద్రం ఒడ్డున ఇసక నల్లగా మెరుస్తోంది. వెనకాల కొండ మీంచి పొగ. అగ్నిపర్వతం అన్నమాట. దాని ఎదురుగానే గడ్డి కప్పు వేసిన గదులు, ఈతకొలను, కొబ్బరిచెట్లు. "సెలవుల్లో ఎల్దామా నాన్నా?" అని ఊరికే అడిగింది. ఆయన "ఎందుకే" అంటాడని మా ఇద్దరికీ తెలుసు. సింహాచలం వెళ్దామన్నా "ఎందుకే" అనే మనిషి.

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వీడియో మళ్ళీ వేసి చూశాడు. తర్వాత, "ఆ కొండ దగ్గరదాకా ఎల్నిస్తారా?" అని అడిగాడు.

ఎందుకడిగాడో నాకు వెంటనే అర్థమైంది. మా బాబుకి అగ్నిపర్వతాలంటే పిచ్చి. సైన్సు ప్రాజెక్టుకి మట్టికొండ చేసి, వంటసోడా వేసి, కుంకం కలిపిన నిమ్మరసం పోసి, పొంగుతుంటే ఇల్లంతా గెంతేవాడు. వంటిల్లు ఎర్రగా చేసినందుకు నా చేతిలో దెబ్బలూ తిన్నాడు. "మా నాన్న రోజూ లావా దగ్గర డ్యూటీ చేస్తాడు" అని క్లాసులో చెప్పుకునేవాడు. సాయంత్రం ప్లాంట్ వైపు ఆకాశం ఎర్రబడితే డాబా ఎక్కి చూసేవాడు. ఫర్నేస్‌లోంచి ఇనుముతోపాటు కరిగి వచ్చే మడ్డి ఉంటుంది, స్లాగ్ అంటారు. ఆరితే నల్లగా, చిల్లులు చిల్లులుగా రాయిలా అయిపోతుంది. ఆ ముక్కలు తెచ్చిపెట్టమని ఆయన ప్రాణం తీసేవాడు. తెచ్చినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవాడు. నిజం అగ్నిపర్వతం చూపిస్తానని ఆయన వాడికి మాటిచ్చాడు.

బాలీ మీద నాకేం మోజు లేదు. విశాఖపట్నంలో పుట్టినదాన్ని, సముద్రం నాకు కొత్తా? నాకు కావలసింది ఒక్కటే. ఆయన నోటంట వాడి పేరు మళ్ళీ వినాలి. వాడి గురించి ముగ్గురం ఒకచోట కూచుని ఏడవాలి, నవ్వాలి. ఆ కొండ ఎదురుగా నిలబడితే ఆ నోరు తెరుచుకుంటుందేమోనని ఆశ. అందుకే పట్టుబట్టి ప్లాన్ మొదలుపెట్టాను.

మా అత్త ముందు ఎగతాళి చేసింది. "ఉప్పునీల్లు సూడ్డానికి ఇమానం ఎక్కాలేటి? రామకృష్ణా బీచి ఎవులైనా ఎత్తుకుపోనారా? నల్లిసకంటే మన ప్లాంటు కాడ నేదేటి?" అంది. అక్కడ అన్నం దొరుకుతుందా, పాములు తింటారంట కదా, కొండ పేలితే ఎటు పరిగెడతారు, రోజుకో ప్రశ్న. నువ్వూ రా అత్తా అంటే, "నాను ఇమానం ఎక్కను. నా మోకాల్లు నన్ను గుమ్మం దాటనివ్వవు, సముద్రం దాటిత్తాయా?" అని నవ్వింది.

అంతలోనే నవ్వు ఆపేసింది. "అయితే మీరు ముగ్గురే ఎల్తన్నారా?" అంది.

ఈ ముగ్గురి గొడవ మీకూ తెలిసే ఉంటుంది. మంచి పనికి ముగ్గురు కలిసి బయల్దేరకూడదంటారు. తప్పనిసరైతే ఒక రాయిని వెంట తీసుకెళ్ళాలి. ఆ రాయి నాలుగో మనిషి కింద లెక్క. పెళ్ళిచూపులకి వెళ్ళినా, స్థలం చూడ్డానికి వెళ్ళినా మా వైపు ఇప్పటికీ చూస్తారు. నాకు ఒళ్ళు మండింది. "రాయికి కూడా పాస్‌పోర్టు తియ్యమంటావా అత్తా?" అన్నాను.

"నీకు పరాసికంగానే ఉంటాది. సత్తిబాబూ, నువ్వు రాయట్టుకెల్లు నాయనా. పాసుపోర్టు ఆపీసుకెల్లినా సరే, రాయి జేబులో ఉండాల" అంది.

ఆయన లోపలికెళ్ళి వచ్చాడు. చొక్కా జేబు బరువుగా కనబడింది. దొడ్లోంచి ఏదో గులకరాయి తెచ్చుకున్నాడనుకున్నాను. తర్వాత ఏ చొక్కా వేసినా జేబు అలాగే ఉండేది, అయినా అంతకు మించి పట్టించుకోలేదు.

పాస్‌పోర్టుల పని అయిపోయింది. తర్వాత గోపాలపట్నంలో టిక్కెట్లు చేసే ఒకాయన దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. కూచోగానే ఆఫీసులో పనిచేసే ఆవిడ ట్రేలో మంచినీళ్ళు తెచ్చింది. నాలుగు గ్లాసులు. నాలుగోది ఆ ఓనరుకేమోననుకున్నాను. కానీ అతని ముందు అప్పటికే నీళ్ళ సీసా ఉంది. ఆవిడ మాత్రం నాలుగో గ్లాసు మా ఆయన పక్కన ఖాళీ కుర్చీ ఎదురుగా పెట్టి వెళ్ళిపోయింది. ఎండకి దాహం వేసి అదీ నేనే తాగేశాను. ఆ గ్లాసు గురించి అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

రిసార్టుతో మాటలన్నీ హర్షితే వాట్సాప్‌లో నడిపింది. అక్కడ ఆయు అని ఒక అమ్మాయి, బుకింగులు చూసే పిల్ల. ఆదివారం వీడియో కాల్ చేసి గది చూపిస్తానంది. ఆ పిల్ల ఇంగ్లీషు కూడా మన ఇంగ్లీషులాగే ముక్కలు ముక్కలుగా ఉంటుంది, అందుకని అర్థం కావడానికి ఇబ్బందేం లేదు.

సోఫాలో మధ్యన ఆయన, చెరో పక్కన నేనూ హర్షితా. ఎదురుగా టీపాయ్ మీద చెంబుకి ఆనించి ఫోన్ పెట్టింది. సోఫా వెనక మనిషి పట్టేంత జాగా, ఆ వెనక కిటికీ, తెర. అత్త తన గదిలో పడుకుని ఉంది. పొయ్యి మీద వంజరం చేప పులుసు. మాడిపోతుందేమోనని నా ధ్యాస సగం అటే ఉంది.

ఆయు గది చూపించింది. మంచం, దోమతెర, అరుగు, అరుగు దిగితే నల్ల ఇసక. కెరటాలు వచ్చి వెళ్తుంటే ఇసక అద్దంలా మెరుస్తోంది. కెమెరా పైకెత్తి కొండ చూపించింది. మా ఆయన కొంచెం ముందుకి వంగాడు. తర్వాత ఆ పిల్ల ఫోన్ తనవైపు తిప్పుకుని, మమ్మల్ని చూసి నవ్వి, "పిల్లాడికి వేరే చిన్న మంచం వెయ్యమంటారా, మీ దగ్గరే పడుకుంటాడా?" అని అడిగింది.

హర్షిత, "ఏ పిల్లాడు? మేం ముగ్గురమే" అంది.

ఆ పిల్ల మళ్ళీ నవ్వింది. "సిగ్గుపడుతున్నాడా? నాన్న వెనకాల ఉన్నాడుగా. నాన్న తలమీద గడ్డం ఆనించుకుని భలే చూస్తున్నాడు" అంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి సోఫాలో కూచుంటే, మా బాబు వెనక స్టూలెక్కి, ఆయన తలమీద గడ్డం ఆనించి టీవీ చూసేవాడు. రోజూ అంతే. "తల కదపకు నాన్నా" అని కసిరేవాడు. ఆయన మెడ నొప్పెట్టినా అలాగే కూచునేవాడు. ఇది మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. అలా ఉన్న ఫొటో కూడా లేదు.

నేను వెనక్కి తిరిగి చూశాను. తెర ఉంది. కిటికీ ఉంది. ఇంకేం లేదు. ఫోన్‌లో మూలన మా బొమ్మ చిన్నగా కనబడుతుంది కదా, అందులోనూ చూశాను. మేం ముగ్గురమే ఉన్నాం.

మా ఆయన తిరగలేదు. ముందుకి వంగినవాడు మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి సర్దుకుని, మెడ నిటారుగా పెట్టి కూచున్నాడు. కణత మీంచి చెమట కారుతుంటే తుడుచుకోలేదు. రెప్ప కూడా వేసినట్టు లేదు. హర్షిత నా వైపు చూసింది.

ఆయుకి ఇదేం తెలీదు పాపం. "పేరేంటి? పిల్లల మంచం మీద పూలతో పేరు రాసి పెడతాం" అంది.

నేను ఫోన్ కట్ చేద్దామని చెయ్యి చాచాను. అప్పుడు ఆయన పలికాడు.

"లోహిత్."

ఆరేళ్ళ తర్వాత. గొంతు బొంగురుపోయి, ఎవరిదో గొంతులాగా ఉంది. అక్కడితో ఆగలేదు. "మూడో తరగతి. వాడికి చేపంటే ఇష్టం. ముల్లు తీసి పెట్టాల. వాడికి తీసుకోడం రాదు. అది సెప్పు హర్షీ, ఆ పిల్లకి సెప్పు" అన్నాడు. హర్షిత ఏడుస్తూనే ఇంగ్లీషులో చెప్పింది. ఆ పిల్ల, "అలాగే, వంటవాళ్ళకి చెప్తాను" అంది. నెట్‌వర్క్ బాగులేక మా మొహాలు సరిగ్గా కనబడలేదో ఏమో, టాటా చెప్పి పెట్టేసింది.

ఆయన అలాగే కూచున్నాడు. పులుసు మాడిన వాసనకి అత్త లేచొచ్చింది. "ఏటైందర్రా, అలా కూసున్నారు? ఏటిరా సత్తిబాబూ?" అంది.

ఆయన తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పి, "కదిపితే దిగిపోతాడే అమ్మా" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. నేను గట్టిదాన్నని అందరూ అంటారు. ఆ రోజు సోఫా కోడు పట్టుకుని నేలమీద కూలబడ్డాను.

విషయం హర్షిత చెప్పింది. అత్త వచ్చి ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి రాయి తీసింది. నల్లగా, చిల్లులు చిల్లులుగా ఉంది. స్లాగ్ ముక్క. బిస్కెట్ల డబ్బాలోది.

"ఓలమ్మో! ఇది గుంటడి రాయి కాదేటిరా! దార్లో రాయి ఏరుకోమంటే ఇంట్లో రాయి అట్టుకెల్తావా? ఎవులిదీ కాని రాయి ఏరుకోవాల్రా. ఇది వోడిది. వోడ్ని రమ్మన్నట్టే కదరా" అని నెత్తి కొట్టుకుంది. దొడ్లో రాళ్ళకి కరువా, ఈయన వాడి డబ్బా ఎందుకు తెరిచాడో నేను అడగలేదు. అడగాల్సిన పనేముంది? నాలుగోవాడి స్థానంలో ఏదో ఒక రాయిని పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు.

రాయి డబ్బాలో పెట్టెయ్యమని అత్త అంటుందనుకున్నాను. అనలేదు. కాసేపు అలాగే గుప్పిట్లో పట్టుకుని, కొడుకు జేబులోనే తిరిగి పెట్టేసి, "వోడ్ని, బువ్వ తిన్నావా అని ఒక్కమాట అడగలేకపోనావా" అని గట్టిగా ఏడ్చింది.

మర్నాటికి నాలోని లెక్కల టీచరు లేచి కూచుంది. ఎక్కడో తప్పు ఉంటుంది, పట్టుకోవాలి. హర్షిత ఫోనంతా వెతికాను. ఆ పిల్లకి పంపిన ప్రతి మెసేజీ చదివాను. తమ్ముడి మాటే లేదు. హర్షిత పెట్టుకున్న ఫొటోల్లో ఎక్కడా వాడు లేడు. తెర మీద నీడేమోనని ఫోన్ అదే చోట పెట్టి, అదే వేళకి హర్షితని వేరే ఫోన్లో చూడమని పరీక్ష పెట్టాను. తెరే కనబడింది. ఒకవేళ నీడే అనుకున్నా, నీడ గడ్డం ఆనించుకుంటుందా?

చివరికి స్టాఫ్‌రూంలో కూచుని నేనే ఆయుకి మెసేజ్ పెట్టాను. మాకిప్పుడు ఒక్కతే కూతురు, బాబు ఆరేళ్ళ కిందట పోయాడు, నువ్వు ఎవర్ని చూశావో దాచకుండా చెప్పు తల్లీ అని రాశాను. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. క్షమించండి అంది. తను అబద్ధం చెప్పలేదంది. మిమ్మల్ని ఎంత స్పష్టంగా చూశానో బాబునీ అంత స్పష్టంగా చూశాను అంది. "తల తడిగా ఉంది. జుట్టంతా నుదుటికి అంటుకుని ఉంది. అప్పుడే స్నానం చేసి వచ్చాడనుకున్నాను" అంది.

ఆ మెసేజ్ నేను ఎవరికీ వినిపించలేదు. ఆయనకీ, హర్షితకీ, అత్తకీ కూడా. ఇది చదివితేనే వాళ్ళకి తెలుస్తుంది.

టిక్కెట్లు అయిపోయాయి. వచ్చే నెల ప్రయాణం. బుకింగ్‌లో ముగ్గురు పెద్దవాళ్ళు అనే ఉంది. చిన్న మంచం మాత్రం తియ్యొద్దని మా ఆయన హర్షిత చేత చెప్పించాడు. ఫొటో మళ్ళీ గోడెక్కింది. ఇప్పుడు ఇంట్లో రోజంతా వాడి మాటే. లోహీ ఇలా అనేవాడు, లోహీ అలా చేసేవాడు అని తండ్రీ కూతుళ్ళు పోటీలు పడి చెప్పుకుంటారు. మొన్న ఆయన నవ్వాడు. బయటికి వినబడేలా నవ్వాడు. నేను కోరుకున్నది ఇదే. కోరుకున్నది దొరికినందుకు సంతోషించాలి.

దెయ్యమని నా బిడ్డని నేను అనలేను. లేడనీ అనలేను. ఎంత ఆలోచించినా తెగడం లేదు.

జ్వరంలో వాడు చివరి రాత్రి ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు, నన్ను తప్ప. తెల్లవార్లూ నేనొక్కదాన్నే తడిగుడ్డ ముంచి వాడి నుదుటి మీద, తల మీద వేస్తూ కూచున్నాను. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయింది. ఆ తడి నా చేతిది. ఆ తడితోనే వచ్చాడు వాడు. ఎక్కడో సముద్రం అవతలి పిల్లకి కనబడ్డాడు. తండ్రికి తెలిశాడు. నేను పక్కనే, ఆ సోఫాలోనే కూచుని ఉన్నాను. కన్నదాన్ని, నాకెందుకు కనబడలేదు?